అనులో కొట్టించిన సిద్ధాంత గ్రంథాన్ని యూనికోడ్‌లోకి తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న టూకీగా ఇదీ. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊరి పేర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి నాలుగు అధ్యాయాలు నెల్లూరు ట్రంకురోడ్డు వైపు ఒక డీటీపీ అంగడిలో కొట్టించుకున్నారు. పెన్‌డ్రైవులో తెచ్చి ఇంట్లో లాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలిసిన గందరగోళం కనిపిస్తోంది. అయిదో అధ్యాయం తనే ఫోన్‌లో, వర్డ్‌లో రాసుకున్నారు, అది బాగానే కనిపిస్తోంది. అన్నీ ఒకే ఫైలుగా చేసి, విషయసూచిక, ఫుట్‌నోట్లు పెట్టి, పీడీఎఫ్ ఇవ్వాలి. అంగడివాళ్లు అను (డీటీపీ అంగళ్లలో వాడే తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్) ఫాంట్లు వేసుకుంటే చాలన్నారట.

చాలదమ్మా. ఫాంట్లు వేసుకుంటే తెర మీద తెలుగు కనిపిస్తుంది, ఫైలు లోపల మాత్రం తెలుగు ఉండదు. అను ఫాంటులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చారు. ఒక ఫాంటులో ఉన్నవి 256 గడులు, అవీ అన్నీ వాడుకోవడానికి వీలుండదు. తెలుగు గుణింతాలూ ఒత్తులూ విడివిడి బొమ్మలుగా పెట్టాలంటే ఆ గడులు సరిపోవు. అందుకని అక్షరం ఒడలు ఒక గడిలో, తలకట్టు, గుడి, ఒత్తు వేరే గడుల్లో పెట్టి, పక్కపక్కన పేర్చి అక్షరంగా చూపిస్తారు. ఫైలు మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలుగానే దాచుకుంటుంది. యూనికోడ్ అంటే ప్రపంచ భాషల అక్షరాలకు వేరువేరు సంఖ్యలిచ్చిన ఉమ్మడి పద్ధతి. అందులో తెలుగుకు సొంతంగా 128 స్థానాలున్నాయి. అక్కడ ‘మ’ అంటే ఏ ఫాంటు మార్చినా ‘మ’యే. మీ అయిదో అధ్యాయం ఫోన్‌లోనూ లాప్‌టాప్‌లోనూ ఒకేలా కనిపించడానికి కారణం అది.

సిద్ధాంత గ్రంథానికి ఈ తేడా ప్రాణం లాంటిది. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం సారూప్యం, అంటే ఇతరుల రాతలతో పోలిక, 10 శాతం దాటకూడదు. అను ఫైలును ఆ పరీక్షకు పెడితే సాఫ్ట్‌వేర్‌కు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. తర్వాత గ్రంథం శోధ్‌గంగలో, అంటే దేశంలోని సిద్ధాంత గ్రంథాలను ఇంటర్నెట్‌లో ఉంచే భాండారంలో, చేరుతుంది. అక్కడ ఎవరైనా ‘ఉదయగిరి’ అని వెతికితే మీ పని దొరకాలి గదా. అను పీడీఎఫ్ అయితే దొరకదు.

కాబట్టి ముందు యూనికోడ్‌లోకి మార్చండి, ఆ తర్వాత తప్పులు దిద్దండి, అన్నిటికన్నా చివర అలంకారం. ఈ వరస తప్పితే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. మార్పిడి జరిగేటప్పుడు బోల్డూ శీర్షికలూ పట్టికలూ చాలావరకు పోతాయి. ముందే చేసిన సోకులు దండగ.

అంగడి నుంచి ఏం తెచ్చుకోవాలో చూడండి. పేజ్‌మేకర్ (అంగడివాళ్లు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైలు ఒక్కటే తెచ్చుకుంటే మీ లాప్‌టాప్‌లో అది తెరుచుకోదు. పేజ్‌మేకర్‌లో కర్సరును పాఠం మధ్య పెట్టి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి, ‘టెక్స్ట్ ఓన్లీ’ రకంగా ఒక కాపీ, ఆర్‌టీఎఫ్ రకంగా ఒక కాపీ ఇమ్మనండి. కర్సరు ఏ పాఠంలో ఉంటే ఆ పాఠం ఒక్కటే బయటికొస్తుంది. పేజీలో విడి పెట్టెలుగా పెట్టిన పట్టికలు, ఫుట్‌నోట్లు, పద్యాలు అందులో రావు, వాటిని ఒక్కొక్కటిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. చాలామందికి పాఠం మాయమయ్యేది ఇక్కడే. దీంతోపాటు అచ్చుకిచ్చే పీడీఎఫ్ కూడా తీసుకోండి, దిద్దేటప్పుడు పక్కన పెట్టుకుని పోల్చడానికి. ఏ ఫాంటు వాడారో, అను ఏ వెర్షనో కాగితం మీద రాయించుకోండి. అను, శ్రీలిపి, పత్రికల పాత ఫాంట్లు అన్నిటికీ గడుల అమరిక వేరు వేరు. ఒకదాని మార్పిడి పట్టిక ఇంకోదానికి పెడితే మళ్లీ గందరగోళమే.

మార్చడానికి ఇంటర్నెట్‌లో ‘అను టు యూనికోడ్ కన్వర్టర్’ అని వెతికితే ఉచిత పరికరాలు దొరుకుతాయి. ఎడమ పెట్టెలో పాత పాఠం అంటిస్తే కుడి పెట్టెలో తెలుగు వస్తుంది. అధ్యాయమంతా ఒకేసారి అంటించకండి. మొదట ఒక పేజీ పెట్టి చూడండి. సగం అక్షరాలు సరిగా వచ్చి, ఒత్తులన్నీ తప్పుగా వస్తుంటే పరికరంలో మరో అను వెర్షన్ ఎంచుకోవాలని అర్థం. అదీ కుదరకపోతే వేరే పరికరం చూడండి. తప్పుగా మారిన వంద పేజీల్ని చేత్తో దిద్దడానికి మాత్రం పూనుకోవద్దు.

పాత పాఠాన్ని వర్డ్‌లో తెరిచి అక్కడే మార్పులు చేయడం ఇంకో ప్రమాదం. వర్డ్ దాన్ని ఇంగ్లీషు అనుకుంటుంది. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది, నిలువు కొటేషన్ గుర్తుల్ని వంపు గుర్తులుగా మారుస్తుంది. అనులో ఇంగ్లీషు చిన్న ఎ (a) వేరు, పెద్ద ఎ (A) వేరు, కొటేషన్ గుర్తు కూడా ఏదో ఒక తెలుగు ముక్కే. ఒక్క అక్షరం మారినా తెలుగులో ఒత్తు ఎగిరిపోతుంది. మార్పిడి అయ్యేదాకా నోట్‌ప్యాడ్‌లోనే ఉండండి. ఎడిట్ చేయాల్సిందేమైనా ఉంటే మార్చిన తర్వాతే.

మీ గ్రంథంలో ఇంగ్లీషు ఉల్లేఖనలు, ఇంగ్లీషు గ్రంథాల పేర్లు తప్పక ఉంటాయి. మార్పిడి పరికరానికి అసలు ఇంగ్లీషుకూ అనుకూ తేడా తెలియదు, వాటినీ తెలుగు చేసి పారేస్తుంది. ఆర్‌టీఎఫ్ కాపీ ఇమ్మన్నది అందుకే. అందులో ఫాంటు వివరం నిలిచి ఉంటుంది. వర్డ్‌లో ఆ కాపీ తెరిచి, అడ్వాన్స్‌డ్ ఫైండ్‌లో వెతికే మాట ఖాళీగా ఉంచి, ఫార్మాట్‌లో ఫాంటు ‘టైమ్స్ న్యూ రోమన్’ అని పెట్టి, ‘ఫైండ్ ఇన్’ కింద ‘మెయిన్ డాక్యుమెంట్’ నొక్కితే ఇంగ్లీషు భాగాలన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. వాటికి ఎరుపు రంగు వేసి దాచుకోండి. మార్చాక ఆ చోట్లన్నీ ఈ కాపీ చూసి నింపుకోవచ్చు.

ఇంగ్లీషు, తెలుగు పేజీపేజీకీ కలగలిసి ఉంటే కన్వర్టరు కన్నా ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టి పాఠంగా మార్చే పద్ధతి) మేలు. అచ్చు పీడీఎఫ్‌ను బొమ్మల పీడీఎఫ్‌గా చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, రైట్‌క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోంచి పాఠం చదువుతుంది. తెలుగూ ఇంగ్లీషూ రెండూ పడతాయి. ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి కాబట్టి పీడీఎఫ్‌ను కొద్దికొద్ది పేజీలుగా విడగొట్టి పెట్టండి. సాఫ్ట్‌కాపీ పోయి కాగితం ఒక్కటే మిగిలినవారికీ ఇదే దారి. 300 డీపీఐలో స్కాన్ చేయించాలి. ఫోన్ ఫొటో అయితే నీడ పడకుండా, కాగితం వంగకుండా తీయాలి.

ఏ దారిన వచ్చినా దిద్దుబాటు తప్పదు. ఇక్కడ తొందరపడకండి, మీ పని విలువంతా దీంట్లోనే ఉంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని అందులో చేయండి. ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి, ఏఎన్‌ఎస్‌ఐలో చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలై కూర్చుంటుంది, తిరిగి రాదు.

మొదటి తప్పు కంటికి కనపడనిది. అచ్చులో ‘మొ’ ఆకారం ఎలా ఉంటుంది? మకారానికి ఎత్వం పెట్టి, పక్కన కొమ్ము పెట్టినట్టుంటుంది. కన్వర్టరు ఆకారాన్ని చూసి ‘మ’, ఎత్వం, కొమ్ము అని మూడు ముక్కలుగా రాసేస్తుంది. ‘మెుదట’ అనీ ‘మొదట’ అనీ రెండూ తెర మీద దాదాపు ఒకటిగానే ఉంటాయి. కంప్యూటరుకు మాత్రం రెండూ వేరే మాటలు. ‘మోపాడు’ అని వెతికితే ‘మెూపాడు’ దొరకదు, అకారాదిలోనూ వేరే చోట పడుతుంది. ఊరి పేర్ల సూచిక తయారుచేసే మీకు ఇది పెద్ద దెబ్బ. రీప్లేస్ పెట్టెలో నాలుగు మార్పులు చేస్తే దీంట్లో చాలాభాగం తీరిపోతుంది: ‘మెు’ తీసి ‘మొ’, ‘మెూ’ తీసి ‘మో’, ‘యెు’ తీసి ‘యొ’, ‘యెూ’ తీసి ‘యో’. తర్వాత ఘకారానికి కూడా ఇదే చేయండి. తప్పు రూపాన్ని టైపు చేయనక్కర్లేదు, పాఠంలోంచే ఆ అక్షరాన్ని కాపీ చేసి అంటించండి.

ఐత్వంలోనూ ఇలాంటిదే ఉంది. ‘మైపాడు’లో ఐత్వం ఒకే గుర్తుగా ఉండొచ్చు, లేదా ఎత్వమూ కింది ఐత్వపు ముక్కా రెండు గుర్తులుగా ఉండొచ్చు. పరీక్షించడం తేలిక. ‘మై’ పక్కన కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. ఒట్టి ‘మ’ మిగిలితే సరిగానే ఉంది, ‘మె’ మిగిలితే రెండు ముక్కలుగా ఉంది. అలా ఉన్నవాటిని మార్చేయండి.

ఇక సున్నా. ‘ం’ బదులు అంకె సున్నా, ఇంగ్లీషు ఓ అక్షరం వచ్చి కూర్చుంటాయి, ఓసీఆర్‌లో మరీ ఎక్కువ. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ఒక మాట కాక అక్షరాల నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) పెట్టి ఇంగ్లీషు అక్షరాలన్నిటినీ వెతికి, ఒక్కొక్కటీ చూసుకుంటూ పోండి. ‘ఋ’ బదులు ‘బుు’, ‘ఘ’ బదులు ‘ఫు’ వచ్చాయేమో కూడా వెతకండి. పేజ్‌మేకర్‌లో వరుస చివర చేత్తో పెట్టిన హైఫన్లు మాట మధ్యలో మిగిలిపోతాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పాఠంలో ప్రతి వరుసా ఒక పేరాగా విరుగుతుంది. దానికి వర్డ్ రీప్లేస్‌లో మూడు అడుగులు చాలు: జంట పేరా గుర్తుల్ని ముందు ఏదో అరుదైన గుర్తుగా మార్చండి, మిగిలిన ఒంటి పేరా గుర్తుల్ని ఒక్కో స్పేస్‌గా మార్చండి, చివర ఆ అరుదైన గుర్తును తిరిగి పేరా గుర్తు చేయండి.

మీ అంశానికి సంబంధించి మరో మాట. నెల్లూరు వైపు బుచ్చిరెడ్డిపాళెం, గండిపాళెం అని ‘ళె’తో రాస్తాం. వేరే ప్రాంతాల్లో ‘పాలెం’. ఫోన్‌లో గొంతుతో చెప్పి టైపు చేయించినా, కీబోర్డు సూచించిన మాట నొక్కినా ‘పాళెం’ కాస్తా ‘పాలెం’ అయిపోయే ప్రమాదం ఉంది. ళ-ల, ణ-న తేడాల్లో డిక్టేషన్‌ను నమ్మలేం. మామూలు ఉత్తరానికి ఫరవాలేదు, ఊరి పేర్ల పరిశోధనలో అది ఆధారాన్నే మార్చేయడం. అయిదో అధ్యాయం ఫోన్‌లో చేశారు కాబట్టి అందులో ‘పాలెం’ అని వెతికి, ప్రతి ఊరినీ మీ క్షేత్రపర్యటన నోట్సుతో సరిచూడండి. ‘అన్నీ రీప్లేస్ చెయ్’ అన్న బటను ఇక్కడ వాడొద్దు, ప్రకాశం వైపు ఊళ్లలో నిజంగానే ‘పాలెం’ ఉన్నవి ఉంటాయి.

శాసన పాఠాలు ఇచ్చేటప్పుడు ఫాంటు విషయంలో జాగ్రత్త. అద్దంకి శాసనం లాంటి పాత పాఠాల్లో బండి ఱ, దాంతోపాటు ‘ఴ’ వస్తాయి. ‘ఴ’ యూనికోడ్‌లో చేరింది 2014లో. అంతకు ముందు తయారైన ఫాంట్లలో దాని స్థానంలో ఖాళీ పెట్టె కనిపిస్తుంది. పెట్టె కనిపించింది గదా అని దాన్ని ‘ళ’ చేసేయకండి, అక్షరం సరైనదే, ఫాంటులో బొమ్మ లేదంతే. నోటో వర్గపు తెలుగు ఫాంటు పెట్టి చూడండి. పుస్తకం మొత్తానికి కూడా నోటో సెరిఫ్ తెలుగు బాగుంటుంది, ఉచితం. మండలి కూడా చదవడానికి హాయిగా ఉంటుంది. రామభద్ర లాంటివి శీర్షికలకే, పాఠానికి పెడితే కళ్లు నొప్పి.

ఇప్పుడు వర్డ్. దిద్దిన పాఠాన్ని అంటించేటప్పుడు ‘కీప్ టెక్స్ట్ ఓన్లీ’ ఎంచుకోండి. ఫాంటును పేరా పేరాకీ మార్చకుండా, ‘నార్మల్’ స్టైల్ మీద రైట్‌క్లిక్ చేసి, మాడిఫై, ఫార్మాట్, ఫాంట్ లోకి వెళ్లండి. అక్కడ రెండు వరుసలుంటాయి, ఒకటి లాటిన్ పాఠానికి, రెండోది కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కు. తెలుగు రెండో దాని కింద వస్తుంది. చాలామంది పై వరుసలో తెలుగు ఫాంటు పేరు పెట్టి, ఏమీ మారలేదే అని తల పట్టుకుంటారు. పై వరుసలో టైమ్స్ 12, కింది వరుసలో తెలుగు ఫాంటు, దాని సైజు విడిగా ఇవ్వండి. తెలుగూ ఇంగ్లీషూ ఒకే వరుసలో పొందికగా కనిపించేదాకా ఆ సైజు అరఅర పాయింటు మార్చి చూసుకోవచ్చు. కింది వరుస కనిపించకపోతే ఆఫీస్ లాంగ్వేజ్ సెట్టింగుల్లో తెలుగు చేర్చాలి.

లైన్ స్పేసింగ్‌లో ‘ఎగ్జాక్ట్‌లీ’ పెట్టొద్దు, ఒత్తుల కింది భాగం తెగిపోతుంది. ‘1.5 లైన్స్’ పెట్టండి, లేదా మీ విశ్వవిద్యాలయం చెప్పిన కొలత ‘మల్టిపుల్’లో ఇవ్వండి. రెండు అంచులూ సమం చేస్తే పొడవాటి సమాసాలున్న చోట మాటల మధ్య గుంతలు పడతాయి. నన్నడిగితే ఎడమ అంచుకే సర్దడం చదువరికి సుఖం, మీ గైడుగారు ఒప్పుకుంటే.

అధ్యాయం పేర్లకు ‘హెడింగ్ 1’, ఉపశీర్షికలకు ‘హెడింగ్ 2’ ఇవ్వండి. సైజు పెంచి బోల్డ్ చేసినంత మాత్రాన అది శీర్షిక కాదు, విషయసూచికలో రాదు. రిఫరెన్సెస్ మెనూలో ‘టేబుల్ ఆఫ్ కంటెంట్స్’ నొక్కితే సూచిక తయారవుతుంది. పాఠం మార్చాక దాని మీద ఎఫ్9 కొట్టి, మొత్తం సరిచేయమనండి. ప్రతి అధ్యాయం ముందూ లేఅవుట్‌లోంచి ‘సెక్షన్ బ్రేక్, నెక్స్ట్ పేజ్’ పెట్టండి. ముందు పేజీలకు రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి 1, 2 రావాలంటే, ఆ సెక్షన్ ఫుటర్‌లో ‘లింక్ టు ప్రీవియస్’ ఆపేసి, తర్వాతే అంకె మార్చాలి. ముందే మారిస్తే వెనక పేజీలు కూడా మారిపోతాయి.

పేజ్‌మేకర్‌లో ఫుట్‌నోట్లు చేత్తో వేసిన అంకెలు. వాటిని అలాగే ఉంచితే మధ్యలో ఒకటి చేర్చిన రోజు అన్నీ మార్చుకోవాలి. ఒక్కొక్కటీ కట్ చేసి, అంకె ఉన్నచోట కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కి కింద అంటించండి. విసుగే, అయినా ఒక్కసారి చేస్తే చాలు. ఫుట్‌నోట్ సెట్టింగుల్లో ‘రీస్టార్ట్ ఈచ్ సెక్షన్’ పెడితే ప్రతి అధ్యాయంలోనూ 1 నుంచి మొదలవుతాయి.

ఉపయుక్త గ్రంథసూచికి జొటేరో అనే సాఫ్ట్‌వేర్ (పుస్తకాల వివరాలు దాచి సూచిక తయారుచేసేది) వాడితే మంచిది, ఉచితం, వర్డ్‌లో కలుస్తుంది. దాంట్లో రచయిత పేరు రెండు గడులుగా అడుగుతుంది, ఇంటిపేరు విడిగా, పేరు విడిగా. తెలుగు పుస్తకాలకు ఆ గడుల పక్కనున్న బటను నొక్కి ఒకే గడిగా మార్చి, పేరును పుస్తకం మీద ఉన్న వరసలోనే రాయండి. లేకపోతే మన ఇంటిపేర్లు, పొడి అక్షరాలు అటూఇటూ అయిపోతాయి.

‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో వకారం ఒత్తుగా మారి కిందికి దిగిపోతుంటే, ఆ చోట కర్సరు పెట్టి 200, దానికి ఆనించి ఇంగ్లీషు సి కొట్టి, ఆల్ట్ ఎక్స్ నొక్కండి. కనపడని విడదీత గుర్తు పడి అక్షరాలు విడిపోతాయి.

ఊళ్ల పట్టిక అనుబంధంగా ఇస్తారు కాబట్టి ఎక్సెల్ వాడతారనుకుంటా. సీఎస్‌వీగా దాచేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్న రకమే ఎంచుకోవాలి. మామూలు సీఎస్‌వీలో తెలుగు ప్రశ్నార్థకాలుగా మారుతుంది.

ఫైలును పెన్‌డ్రైవులోనే తెరిచి పనిచేయకండి. సేవ్ అవుతుండగా లాగేస్తే ఫైలు పాడవుతుంది. లాప్‌టాప్‌లో పెట్టుకుని, రోజూ చివర తేదీ పేరుతో ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌లో వేయండి.

చివరి పీడీఎఫ్‌ను వర్డ్‌లోనే ‘సేవ్ యాజ్’ ద్వారా చేయండి. అందులో ఆప్షన్స్ తెరిస్తే పీడీఎఫ్/ఎ అన్న గడి ఉంటుంది, టిక్ పెట్టండి, ఫాంట్లు లోపలే చేరతాయి. శోధ్‌గంగకు ముఖపత్రం, ధ్రువపత్రం, ఒక్కో అధ్యాయం విడివిడి పీడీఎఫ్‌లుగా కావాలి. అదే ఆప్షన్స్‌లో పేజీల అంకెలిచ్చి ఒక్కొక్కటీ తీయొచ్చు. తీశాక అడోబీ రీడర్‌లో తెరిచి, కంట్రోల్ డి కొట్టి, ఫాంట్స్ పేజీలో ప్రతి పేరు పక్కనా ‘ఎంబెడెడ్’ అని ఉందో లేదో చూడండి. తర్వాత ఒక వరుస కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అంటించండి. పీడీఎఫ్ నుంచి తీసిన తెలుగులో గుణింతాలు కొంత చెదరడం మామూలే, అక్షరాలు తెలుగువి అయితే చాలు. ఇంగ్లీషు గందరగోళం వస్తే ఎక్కడో అను ముక్క మిగిలిపోయిందని గుర్తు, ఆ పేజీ మళ్లీ మార్చుకోవాలి. సారూప్య పరీక్షకు వర్డ్ ఫైలు తీసుకుంటామంటే పీడీఎఫ్ కన్నా అదే ఇవ్వండి, గుణింతాలు చెదరకుండా చదువుతుంది.

అచ్చుకు మాత్రం అంగడికి పీడీఎఫ్ ఒక్కటే పట్టుకెళ్లండి. వర్డ్ ఫైలు ఇస్తే వాళ్ల కంప్యూటరులో మీ ఫాంటు లేక ఇంకోటి వచ్చి చేరుతుంది, పేజీలు జరుగుతాయి, మీ విషయసూచికలోని అంకెలన్నీ తప్పుతాయి. బైండింగుకు ముందు శాసనాల పేజీ ఒకటి, పట్టిక పేజీ ఒకటి నమూనాగా తీయించి, ‘ఴ’ పడిందా, ఒత్తులు తెగాయా చూసుకున్నాకే మిగతా కాపీలు వేయించండి.